పెద్ద ఫైల్ పంపాలంటే: అటాచ్‌మెంటా, లింకా, మరో దారా?

'మెయిల్ పంపేశాను' అని మనం అనుకోవడానికీ, అవతలివాళ్లు ఆ ఫైల్ తెరిచి పని మొదలుపెట్టడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. ఫైల్ చిన్నదైతే ఆ దూరం తెలియదు. పదిహేను, ఇరవై ఎంబి దాటితే మాత్రం ఎక్కడో ఒకచోట అడ్డు తగులుతుంది. మెయిల్ బౌన్స్ అవుతుంది, అంటే చేరకుండా వెనక్కి వస్తుంది, అవతలి ఇన్‌బాక్స్ నిండిపోతుంది, ఫోన్‌లో డౌన్‌లోడ్ సగంలో ఆగిపోతుంది, లేదా లింక్ నొక్కితే 'మీకు పర్మిషన్ లేదు' అని వస్తుంది. పంపేముందు ఒక్క నిమిషం ఆగి దారి ఎంచుకుంటే వీటిలో చాలావరకు రావు.

ఉన్న దారులు ఐదు. మెయిల్‌కే ఫైల్ తగిలించడం, డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వడం, కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోయే ట్రాన్స్‌ఫర్ సర్వీసులు, వాట్సాప్ లాంటి చాట్ యాప్‌లు, చివరికి పెన్‌డ్రైవ్. వీటిలో ఏది మంచిదని అడిగితే నా దగ్గర ఒక మొరటు లెక్క ఉంది. 5 ఎంబి లోపైతే ఆలోచించకుండా అటాచ్ చేయండి. 5 నుంచి 15 మధ్య అయితే ఎవరికి పంపుతున్నారో చూసుకోండి. 15 దాటితే లింక్ ఇవ్వండి. కానీ సైజు మొదటి ప్రశ్న మాత్రమే. ఆ ఫైల్‌తో అవతలివాళ్లకు ఏం పని, అది ఎంతకాలం ఉండాలి, ఎవరి కంట పడకూడదు అన్నవి అసలు ప్రశ్నలు. ఇక ఫైల్ బరువు ఎవరో ఒకరు మోయక తప్పదు కాబట్టి, వీలైనంతవరకు దాన్ని పంపేవాళ్లే మోయాలన్నది నా అభిప్రాయం. కుదించడం, అప్‌లోడ్ చేయడం, పర్మిషన్ సరిచూడటం, రెండు వాక్యాల్లో వివరం రాయడం మనకు ఐదు నిమిషాల పని. అది ఎగ్గొడితే, మెయిల్ అందుకున్న ప్రతివాళ్లూ తలా పది నిమిషాలు పోగొట్టుకుంటారు.

25 ఎంబి అంటే నిజంగా 25 కాదు

ఈమెయిల్ పుట్టింది ఉత్తరాలకు, ఫైళ్లకు కాదు. ఇప్పటికీ మెయిళ్లను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు చేరవేసే ఎస్ఎంటీపీ పద్ధతిని 1982లో ఖరారు చేసినప్పుడు అది మామూలు ఇంగ్లిష్ అక్షరాలు మోయడానికి తయారైంది. ఫొటోలు, పాటలు, పత్రాలు తగిలించే పద్ధతి పదేళ్ల తర్వాత వచ్చింది. నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే ప్రమాణాన్ని రూపొందించారు. 1992 మార్చిలో బోరెన్‌స్టీన్ తన పాటల బృందం ఫొటోను, వాళ్లు పాడిన పాటను తగిలించి ఒక మెయిల్ పంపారు. మనం ఇవాళ వాడే అటాచ్‌మెంట్‌కు మొదలు అదే.

అయితే అక్షరాలు మాత్రమే మోయగల దారిలో ఫొటో ఎలా వెళ్తుంది? దాన్ని అక్షరాలుగా మార్చి పంపుతారు. బేస్64 అనే ఈ పద్ధతిలో ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. అంటే బరువు మూడో వంతు పెరుగుతుంది, వరుసల మధ్య గుర్తులు కూడా కలిపితే ఇంకాస్త. మీ కంప్యూటర్‌లో 18 ఎంబి చూపించే ఫైల్ దారిలో దాదాపు 25 ఎంబి అవుతుంది. చాలా సర్వర్లు తూచేది ఈ పెరిగిన బరువునే. 'పరిమితి లోపే ఉంది కదా, ఎందుకు వెనక్కి వచ్చింది?' అనే ప్రశ్నకు ఎక్కువసార్లు జవాబు ఇదే.

పరిమితులు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. జీమెయిల్‌లో, యాహూలో పంపడానికి 25 ఎంబి, ఐక్లౌడ్ మెయిల్‌లో 20. కంపెనీలు సొంతంగా నడిపే ఎక్స్‌ఛేంజ్ అనే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్లలో ఎవరూ మార్చకపోతే ఉండే పరిమితి 10 ఎంబి మాత్రమే. మైక్రోసాఫ్ట్ 365లో మామూలుగా 35 ఎంబి దాకా పంపొచ్చు, కావాలనుకుంటే అడ్మిన్ దాన్ని 150 దాకా పెంచుకోవచ్చు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, మీ పరిమితి ఎంత ఉన్నా అవతలి సర్వర్ ఒప్పుకోవాలి. మీ ఆఫీసు 35కు ఒప్పుకుంటుంది, వాళ్లది 10 దగ్గరే ఆపుతుంది. అక్కడ లెక్కకొచ్చేది వాళ్ల పది. అక్షరాలుగా మారితే పెరిగే బరువు తీసేస్తే ఏడు ఎంబి చిల్లర. నేను 5 ఎంబిని గీతగా పెట్టుకున్నది అందుకే. అది ఎక్కడికైనా వెళ్తుంది.

1995లో ఇంటర్నెట్ మర్యాదల మీద వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1855 అనే పత్రం, 50 కేబీకి మించిన ఫైల్‌ను మెయిల్‌లో పంపకపోవడం మేలని చెప్పింది. ఆ అంకె ఇప్పుడు నవ్వు తెప్పిస్తుంది. కానీ అదే పత్రం పంపేముందు మీ మెయిల్ సైజెంతో తెలుసుకోమని, పెద్దదైతే ఫైళ్ల కోసం ఉన్న వేరే దారి చూడమని కూడా అంది. ఆ సలహా మాత్రం అంకెతోపాటు పాతబడలేదు.

ముందు కుదించండి, కానీ దేన్ని కుదించాలో తెలిసి

దారి ఎంచుకునేముందే ఫైల్ అంత పెద్దదిగా ఉండాలా అని చూడాలి. స్కాన్ చేసిన పత్రాల్లోనే ఎక్కువ లాభం. ఒక ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), కలర్‌లో స్కాన్ చేస్తే కుదించకముందు దాని బరువు దాదాపు 26 ఎంబి. అదే కాగితాన్ని గ్రేస్కేల్‌లో, అంటే రంగులు లేకుండా నలుపు, బూడిద ఛాయల్లో చేస్తే మూడో వంతు. 150 డీపీఐకి తగ్గిస్తే అందులో మళ్లీ నాలుగో వంతు. అంటే ఈ రెండు సెట్టింగులు మార్చుకుంటే పన్నెండింట ఒక వంతుకు దిగుతుంది. స్కానర్లు తర్వాత ఎలాగూ కొంత కుదించి పీడీఎఫ్ చేస్తాయి కానీ, ఈ తేడా చాలావరకు అలాగే నిలుస్తుంది. అక్షరాలు చదవడానికి 150 సరిపోతుంది. చిన్న అక్షరాలు, ముద్రలు, సంతకాలు తేటగా కనిపించాలంటే 200 పెట్టుకోండి. 300 అనేది ప్రింట్‌కు వెళ్లే వాటికి.

ప్రెజెంటేషన్లు బరువెక్కేది ఫొటోల వల్ల. పవర్‌పాయింట్‌లో 'కంప్రెస్ పిక్చర్స్' అని ఒక బటన్ ఉంది. తెర మీద చూపించడానికి 150 పీపీఐ (అంగుళానికి 150 పిక్సెళ్లు) చాలు. అరవై ఎంబి ప్రెజెంటేషన్ దాంతో ఎనిమిదికో తొమ్మిదికో దిగినా ఆశ్చర్యం లేదు.

ఇక జిప్ గురించి. జిప్ చేస్తే ఏదైనా చిన్నదవుతుందని చాలామంది నమ్ముతారు. జేపీజీ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు అప్పటికే కుదించినవి కాబట్టి జిప్ చేసినా పెద్దగా తగ్గవు. ఇప్పటి వర్డ్, ఎక్సెల్ ఫైళ్లయితే లోపల అసలు జిప్‌లే. జిప్ పనికొచ్చేది వేరే దానికి: ఇరవై విడి ఫైళ్లను ఒక్కటిగా కట్టి, వరుస తప్పకుండా పంపడానికి. కానీ ఫోన్‌లో జిప్ విప్పడం తెలియనివాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పెద్దవాళ్లకు పంపేటప్పుడు నాలుగు ఫైళ్లయితే విడిగానే పంపడం నయం.

తెలుగు పత్రాలు పంపేవాళ్లకు ఇంకో మాట. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన వర్డ్ ఫైల్, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది. అవతలివాళ్లు 'ఏమీ చదవలేకపోతున్నాం' అని జవాబిస్తారు, మీరు మళ్లీ అదే ఫైల్ పంపుతారు. ఫాంట్లు కలిపి చేసిన పీడీఎఫ్ పంపితే ఈ తంటా ఉండదు. వాళ్లు దాన్ని దిద్దాల్సి ఉంటే, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చి పంపండి. అలాగే పాత సిస్టమ్‌లకు వెళ్లే ఫైళ్లకు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టడం క్షేమం. తెలుగు పేర్లు దారిలో చెదిరిపోవడం పూర్తిగా ఆగలేదు.

అటాచ్‌మెంట్ ఎప్పుడు గెలుస్తుంది

లింకులు వచ్చాక అటాచ్‌మెంట్‌ను పాతకాలపు అలవాటు అన్నట్టు మాట్లాడేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. అటాచ్‌మెంట్‌కు లింక్‌లో లేని ఒక గుణం ఉంది. పంపిన క్షణంలో ఎలా ఉందో అలాగే గడ్డకట్టి ఉండిపోతుంది. ఒప్పందం, కొటేషన్, ఇన్వాయిస్, రాజీనామా లేఖ, దరఖాస్తు లాంటివి రేపు 'మీరు పంపింది ఇదే కదా' అని చూపించాల్సి రావచ్చు. లింక్ వెనక ఉన్న ఫైల్‌ను పంపినవాళ్లు ఎప్పుడైనా మార్చొచ్చు, తీసేయొచ్చు. అప్పుడు మీ దగ్గర మిగిలేది ఒక నీలిరంగు వాక్యం. అందుకే రికార్డుగా నిలవాల్సినదాన్ని ఎంత కష్టపడైనా కుదించి అటాచ్ చేయాలి. కుదరకపోతే లింక్ ఇచ్చి, ముఖ్యమైన పేజీలనైనా పీడీఎఫ్‌గా తగిలించాలి.

ఇంకో సందర్భం, అవతలివాళ్లకు నెట్ సరిగా లేనప్పుడు. మెయిల్ యాప్ అటాచ్‌మెంట్‌ను ఒకసారి దించుకుంటే ప్రయాణంలో కూడా తెరుచుకోవచ్చు. కొన్ని ఆఫీసుల్లో బయటి డ్రైవ్ లింకులను పూర్తిగా బ్లాక్ చేస్తారు. అక్కడ పనిచేసేవాళ్లకు మీరిచ్చే లింక్ ఎందుకూ కొరగాదు. ఉద్యోగ దరఖాస్తు కూడా ఈ కోవలోదే. వంద రెజ్యూమెలు చూసే మనిషి మీ ఒక్కరి కోసం లింక్ నొక్కి, యాక్సెస్ అడిగి కూర్చోరు.

అటాచ్‌మెంట్ ఓడిపోయేది మందికి పంపినప్పుడు. 12 ఎంబి ఫైల్‌ను నలభైమందికి పంపితే 480 ఎంబి సరుకు నలభై ఇన్‌బాక్సుల్లో దిగుతుంది. ఊళ్లో లేనివాళ్ల గుమ్మం ముందు సామాను దించేసి వచ్చినట్టే ఇది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క జీమెయిల్‌కే కాదు, డ్రైవ్‌కూ, ఫొటోలకూ కలిపి. ఫొటోలతో అంచుదాకా నిండిన ఖాతాకు మీ ఫైల్ ఆఖరి దెబ్బ కావచ్చు. నిండితే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతాయి, వాళ్లకు అవసరమైనవి కూడా.

మందికి పంపినప్పుడు ఇంకో చిక్కు, వెర్షన్లు. నలభైమందిలో ఐదుగురు దిద్ది వెనక్కి పంపుతారు, మీరు కలిపి మళ్లీ పంపుతారు, అప్పటికి ఇంకొకరు పాతదాన్నే దిద్దుతూ ఉంటారు. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అనే పేర్లు ఎక్కడ పుడతాయో అందరికీ తెలిసిందే. నలుగురు చేయి పెట్టే ఫైల్‌ను అటాచ్ చేయకండి, అంతే.

చిన్న విషయం, చాలామంది పట్టించుకోరు: 'రిప్లై' నొక్కితే అటాచ్‌మెంట్ వెనక్కి వెళ్లదు, 'ఫార్వర్డ్' నొక్కితే వెళ్తుంది. పెద్ద ఫైల్ ఉన్న మెయిల్‌ను 'చూడండి' అనే ఒక్క మాట కోసం ఫార్వర్డ్ చేసేముందు ఫైల్ అవసరమా అని చూసి, కాకపోతే తీసేయండి. పాత మెయిల్‌లో ఉన్నది కొత్తగా వచ్చినవాళ్ల కంట పడొచ్చా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

డ్రైవ్ లింక్: సులువే, పర్మిషన్ దగ్గరే తప్పటడుగు

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ ఏదైనా పద్ధతి ఒకటే. ఫైల్ ఒక్కచోటే ఉంటుంది, అందరికీ దారి మాత్రం వెళ్తుంది. జీమెయిల్‌లో 25 ఎంబి దాటిన ఫైల్ తగిలిస్తే అదే డ్రైవ్‌లో పెట్టి లింక్‌గా మార్చేస్తుంది. షేర్ చేసిన ఫైల్ బరువు పడేది యజమాని ఖాతా మీదే, చూసేవాళ్ల మీద కాదు. పంపేవాళ్లే మోయాలని పైన అన్నది ఇక్కడ దానంతటదే జరుగుతుంది. దిద్దుబాటు చేస్తే అందరికీ కొత్తదే కనిపిస్తుంది. తప్పు ఫైల్ పెట్టామని తెలిస్తే మార్చేయొచ్చు. వెళ్లిపోయిన అటాచ్‌మెంట్ విషయంలో ఆ అవకాశం లేదు. జీమెయిల్‌లో 'అన్‌డూ సెండ్' మహా అయితే 30 సెకన్లు పనిచేస్తుంది.

ఇంత సౌకర్యం ఉన్నా లింకులతో వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే: తెరుచుకోవడం లేదు. శుక్రవారం సాయంత్రం లింక్ పంపి ఫోన్ పక్కన పడేస్తారు. అవతలివాళ్లు శనివారం కూర్చుని నొక్కితే 'యాక్సెస్ అడగండి' అని వస్తుంది. అడుగుతారు. సోమవారం దాకా జవాబు రాదు. లింక్ కాపీ చేసిన తర్వాత బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో (మీ లాగిన్ లేని విండో) తెరిచి, అందులో అతికించి చూడండి. ఎవరికైనా తెరుచుకోవాల్సిన లింక్ అక్కడ తెరుచుకుంటే సరే. కొందరికే ఇచ్చిన లింక్ అయితే అక్కడ లాగిన్ అడగాలి. అడగకుండా ఫైల్ చూపిస్తే దారిన పోయేవాళ్లు కూడా చూడగలరని అర్థం.

పర్మిషన్లలో రెండు నిర్ణయాలు వేర్వేరుగా తీసుకోవాలి. ఎవరు చూడొచ్చన్నది ఒకటి, చూసినవాళ్లు ఏం చేయొచ్చన్నది రెండోది. 'లింక్ ఉన్న ఎవరైనా' అని పెడితే తెరుచుకోవడం సులువు, కానీ ఆ లింక్ ఎంతమంది చేతులు మారినా మీకు తెలియదు. పేర్లు పెట్టి ఇస్తే భద్రం, కానీ మీరు ఇచ్చిన మెయిల్ ఐడీతోనే వాళ్లు లాగిన్ అయి ఉండాలి. ఆఫీసు ఐడీకి పర్మిషన్ ఇస్తే వాళ్లు సొంత ఐడీతో నొక్కి తెరుచుకోవడం లేదంటారు. అందుకే ఏ ఐడీకి ఇచ్చారో మెయిల్‌లోనే రాసేయండి. ఇక 'ఎడిట్' హక్కు. అడిగినవాళ్లకు తప్ప ఇవ్వకండి. ఫోన్‌లో స్క్రోల్ చేస్తూ వేలు తగిలి ఒక వరుస చెరిగిపోతే, ఎవరు చేశారో చేసినవాళ్లకే తెలియదు. 'వ్యూ' ఇచ్చి, అభిప్రాయాలు కావాలంటే 'కామెంట్' ఇస్తే సరిపోతుంది.

లింక్ ఎంతకాలం బతకాలన్నది చాలామంది మరిచిపోయే బాధ్యత. మీ డ్రైవ్‌లో జాగా కోసం పాత ఫైళ్లు తీసేస్తారు. అందులో ఆర్నెల్ల కిందట ఎవరికో ఇచ్చిన లింక్ వెనకున్న ఫైల్ కూడా పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత లేదు. ఉద్యోగం మారేవాళ్ల విషయం ఇంకా గట్టిది. ఆఫీసు ఖాతా మూతపడితే దాని లింకులన్నీ తెగిపోతాయి. పని ఫైళ్లను సొంత ఖాతాలో కాకుండా టీమ్ మొత్తానికి చెందే ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టి లింక్ ఇవ్వడం ఈ కష్టానికి మందు. దానికి అవతలివైపు ఉన్న తప్పు, పని అయిపోయినా లింక్ తెరిచే ఉంచడం. ఎప్పుడో 'ఎవరైనా చూడొచ్చు' అని పెట్టి మరిచిపోయినవి మీ డ్రైవ్‌లో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

ఇంకొకటి: ఏ వివరం లేకుండా లింక్ ఒక్కటే ఉన్న మెయిల్ అచ్చం మోసం మెయిల్‌లాగే కనిపిస్తుంది. జాగ్రత్తపరులు నొక్కరు, నొక్కకపోవడం సరైన పనే. పైగా 100 ఎంబి దాటిన ఫైల్‌ను గూగుల్ డ్రైవ్ వైరస్ పరీక్ష చేయలేక, దించుకునేముందు హెచ్చరిక చూపిస్తుంది. అది వస్తుందని ముందే రాసి పెడితే అవతలివాళ్లకు టెన్షన్ ఉండదు.

కొన్నాళ్లే ఉండే ట్రాన్స్‌ఫర్ సర్వీసులు

వీట్రాన్స్‌ఫర్ లాంటివి ఫైల్ దాచడానికి కాదు, ఒకసారి చేరవేయడానికి. అవతలివాళ్లకు ఖాతా అక్కర్లేదు, పర్మిషన్ల గొడవ లేదు, మీ స్టోరేజ్ తగ్గదు. వీడియో ఎడిటర్‌కు ఫుటేజ్, ప్రెస్‌కు డిజైన్ ఫైల్, వేడుక ఫొటోల ఆల్బమ్ లాంటి వాటికి నేను డ్రైవ్ కంటే వీటినే ముందు చూస్తాను. ఆపిల్ వాడేవాళ్లకు మెయిల్ యాప్‌లోనే మెయిల్ డ్రాప్ ఉంది. 5 జీబీ దాకా పంపొచ్చు, 30 రోజులు ఉంటుంది, ఐక్లౌడ్ స్టోరేజ్‌లో లెక్కకు రాదు.

గడువే వీటి బలం, గడువే బలహీనత. ఉచితంగా వాడితే కొన్ని సర్వీసుల్లో అది రోజుల్లోనే ముగుస్తుంది. అవతలివాళ్లు సెలవులో ఉంటే తిరిగొచ్చేసరికి ఫైల్ ఉండదు. కాబట్టి ఆఖరి తేదీని మెయిల్ సబ్జెక్ట్‌లోనే రాయాలి, లోపల ఎక్కడో కాదు. ఇలాంటి సర్వీసు మీద పూర్తిగా ఆధారపడటం కూడా మంచిది కాదు. మొజిల్లా 2019 మార్చిలో తెచ్చిన ఫైర్‌ఫాక్స్ సెండ్ చాలా బాగుండేది, ఫైల్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రహస్య రూపంలోకి మార్చి పంపేది. ఆ రహస్యమే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్‌లు) పంచేవాళ్లకూ నచ్చింది. 2020లో దాన్ని మూసేయాల్సి వచ్చింది. అసలు ఫైల్ మీ దగ్గర ఉంచుకునే పంపండి.

చాట్ యాప్, పెన్‌డ్రైవ్

వాట్సాప్‌లో 2022 నుంచి 2 జీబీ ఫైల్ దాకా పంపొచ్చు. ఇంట్లోవాళ్ల మధ్య, స్నేహితుల మధ్య దీన్ని మించిన సులువు లేదు. కాకపోతే ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిస్తుంది. ప్రింట్ వేయాల్సిన ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపాలి. ఆఫీసు పనికి మాత్రం నేను వద్దంటాను. ఆర్నెల్ల తర్వాత వెతికితే దొరకదు. ఫోన్ మారితే పోవచ్చు. ఆలస్యంగా నొక్కితే 'మళ్లీ పంపమని అడగండి' అంటుంది. అన్నిటికీ మించి, పని పత్రం ఒక మనిషి సొంత ఫోన్‌లో ఇరుక్కుపోతుంది.

పెన్‌డ్రైవ్ అనగానే నవ్వకండి. 50 జీబీ వీడియోను సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో ఎక్కించాలంటే పదకొండు గంటలు పైనే పడుతుంది. అవతలివాళ్లు దించుకునే సమయం దానికి అదనం. ఒకే ఊళ్లో ఉంటే హార్డ్‌డిస్క్ పట్టుకెళ్లి ఇవ్వడమే ముందు పూర్తవుతుంది. పోగొట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. తెలియనివాళ్ల పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి చాలా ఆఫీసుల్లో అనుమతి ఉండదు, అది ముందే కనుక్కోండి.

గుట్టుగా ఉండాల్సినవి

గుర్తింపు కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మెడికల్ రిపోర్టులు, జీతాల పట్టికలు లాంటివి చిన్నవైనా సరే, సైజు లెక్క వీటికి వర్తించదు. మెయిల్‌లో తగిలిస్తే మీ సెంట్ ఫోల్డర్‌లో ఒకటి, వాళ్ల ఇన్‌బాక్స్‌లో ఒకటి ఏళ్ల తరబడి పడి ఉంటాయి. రేపు ఆ రెండు ఖాతాల్లో ఏది ఎవరి చేతికి చిక్కినా పత్రం చిక్కినట్టే. పేరు పెట్టి ఇచ్చిన డ్రైవ్ లింక్ ఇక్కడ అన్నిటికంటే నయం, ఎందుకంటే పని కాగానే యాక్సెస్ తీసేయొచ్చు. ఒకసారి దించుకున్న కాపీని ఎవరూ వెనక్కి లాగలేరన్నది నిజమే. అయినా మూసిన తలుపు తెరిచిన తలుపు కంటే మేలు.

అటాచ్ చేయక తప్పకపోతే పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్ గానీ, 7-జిప్ అనే ప్రోగ్రామ్‌లో ఏఈఎస్-256 అనే గట్టి తాళం పద్ధతి ఎంచుకుని చేసిన ఫైల్ గానీ పంపండి. పాత జిప్ పాస్‌వర్డ్ పద్ధతి బలహీనమైనది. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాస్తే పెట్టినా పెట్టనట్టే. ఫోన్ చేసి చెప్పండి, లేదా ఎస్ఎంఎస్ పంపండి. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో స్కాన్ చేయలేక కొన్ని సర్వర్లు మెయిల్‌నే ఆపేస్తాయి, అది కూడా గుర్తుంచుకోవాలి. ప్రోగ్రామ్ ఫైళ్లను, అంటే ఈఎక్స్‌ఈ, బ్యాచ్ ఫైళ్ల లాంటివాటిని, జీమెయిల్ జిప్‌లో దాచినా కనిపెట్టి ఆపుతుంది. పేరు మార్చి దాటించాలని చూడకండి. ఆ అడ్డు పెట్టింది అవతలివాళ్ల మంచికే.

గ్రూపుకు పంపేటప్పుడు ఒకరి వివరాలు అందరికీ వెళ్తున్నాయా అని కూడా చూడాలి. ఒక్కరి వరుస చూపించడానికి పట్టిక మొత్తం పంపేస్తుంటారు. అది సైజు తప్పు కూడా, మర్యాద తప్పు కూడా.

మెయిల్‌లో ఏం రాయాలి, వెనక్కి వస్తే ఏం చేయాలి

దారి ఏదైనా మెయిల్‌లో నాలుగు సంగతులు ఉండాలి: ఏ ఫైల్, ఎంత సైజు, దాంతో వాళ్లు ఏం చేయాలి, ఎప్పటిదాకా దొరుకుతుంది. ఇలా రాస్తే చాలు: 'సర్, ప్రాజెక్ట్ రిపోర్ట్ లింక్ కింద ఇచ్చాను. 62 ఎంబి ఉంది, వైఫైలో దించుకుంటే మంచిది. మీ ఆఫీసు మెయిల్ ఐడీకి యాక్సెస్ ఇచ్చాను. నాలుగో అధ్యాయం మీద మీ అభిప్రాయం కావాలి. ఈ నెలాఖరు దాకా లింక్ ఉంటుంది. తెరుచుకోకపోతే చెప్పండి, కుదించి అటాచ్ చేస్తాను.' ఫైల్ పేరు కూడా 'స్కాన్0001' అని వదిలేయకుండా, ఎవరిది, ఏమిటి, ఏ తేదీది అని తెలిసేలా పెట్టండి. మీ డ్రైవ్‌లో దాని చుట్టూ ఉన్నవి మీకు కనిపిస్తాయి, వాళ్లకు ఆ ఒక్కటే కనిపిస్తుంది.

15 ఎంబి దాటినదాన్ని అటాచ్ చేయక తప్పకపోతే ముందు చిన్న మెయిల్ పెట్టి అడగడం మంచిది. 'పెద్ద ఫైల్ ఉంది, మెయిల్‌లో పంపనా, లింక్ ఇవ్వనా?' అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఒకే ఫైల్‌ను ముక్కలుగా ఆరు మెయిళ్లలో పంపడం మాత్రం మానుకోండి. ఐదు వచ్చి ఒకటి రాకపోతే ఏది రాలేదో వెతకడమే ఒక పని అవుతుంది.

అందుకున్నవాళ్లకు కూడా కొంచెం బాధ్యత ఉంది. వచ్చిందని ఒక ముక్క చెప్పాలి, అవసరమైన ఫైల్‌ను గడువులోపే దించి భద్రపరుచుకోవాలి. మళ్లీ పంపమని అడిగేముందు ఇన్‌బాక్స్‌లో ఒకసారి వెతకాలి. జీమెయిల్ వెతుకు పెట్టెలో సైజు పెట్టి కూడా వెతకొచ్చు. పాత బరువులు దించుకోవడానికి అది తేలిక దారి.

మెయిల్ వెనక్కి వస్తే ఆ ఇంగ్లిష్ సందేశాన్ని చూసి మూసేసి, మళ్లీ అదే ఫైల్ పంపుతుంటారు చాలామంది. అందులో ఒక అంకె ఉంటుంది, దాన్ని చూడండి. 552 అనో, 5.3.4 అనో ఉండి సైజు మాట కనిపిస్తే ఫైల్ వాళ్ల సర్వర్ పరిమితి దాటిందని అర్థం. కుదించండి, లేదా లింక్ ఇవ్వండి. 5.2.2 ఉంటే వాళ్ల మెయిల్‌బాక్స్ నిండిపోయింది. అప్పుడు ఎంత కుదించినా లాభం లేదు, లింక్ ఉన్న మెయిల్ కూడా వెళ్లదు. ఆ సంగతి వాళ్లకు మెయిల్‌లో చెప్పడం కుదరదు కాబట్టి ఫోన్ చేయాల్సిందే.